జిప్సీలోంచి కాలు కింద పెట్టకు

చిరంజీవి నానీకి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వూ, నీ ఫ్రెండ్స్ ఐదుగురూ కలిసి ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "పులులుండే చోటికి వీళ్లకేం పని వదినా, పోతే గోవాకి పోవచ్చు కదా" అంది. గోవా కంటే తాడోబాయే నయమని నచ్చజెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకే నిద్ర పట్టలేదు. అలాగని వద్దనను. మన ఇంట్లో ఇంతమంది పిల్లలున్నారా, నాలుగు రోజులు సెలవు దొరికితే మాల్‌కో రిసార్ట్‌కో పరిగెత్తేవాళ్లే అందరూ. అడవి చూడాలని బుద్ధి పుట్టింది నీ ఒక్కడికే. చంద్రపూర్ పక్కన బల్హర్షాలో మా రైల్వే క్వార్టర్‌కి సెలవులకి వచ్చినప్పుడు పెరట్లో తొండని చూసి మంచమెక్కి ఏడ్చినవాడివి, ఇప్పుడు పులిని చూస్తానని బయల్దేరావంటే నవ్వూ వస్తోంది, ముచ్చటగానూ ఉంది.

వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీవాళ్లందరికీ చదివి వినిపించు. సిగ్గుపడకు.

చిన్నా చితకా సంగతులు ముందు. తాడోబా కోర్ ఏరియాకి, అంటే అడవి నడిబొడ్డుకి, మంగళవారం సెలవు, మీ ప్లాన్‌లో ఆ రోజు పడిందేమో చూసుకోండి. బుకింగ్ ఆన్‌లైన్‌లో అటవీశాఖ సైట్‌లోనే చేయండి. బుకింగ్‌లో ఎవరు ఏ ఐడీ ఇచ్చారో గేటు దగ్గర ఆ ఒరిజినల్ కార్డే చూపించాలి, జిరాక్సు పట్టుకెళ్లి బతిమాలుకోవద్దు. ఒక జిప్సీకి, అదే ఆ సఫారీ జీపుకి, ఆరుగురు, మీరు సరిగ్గా సరిపోయారు. ఎర్ర చొక్కాలు, పసుపు చొక్కాలు, గుప్పుమనే సెంట్లు ఇంట్లో పెట్టి రండి. రాత్రంతా కారు తోలుకుంటూ వచ్చి తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడాలన్న ఐడియా ఎవడిదో గానీ, వాడికి నా తరఫున నాలుగు చీవాట్లు పెట్టు. ఢిల్లీ వైపు పోయే రైళ్లు బోలెడు బల్హర్షాలో ఆగుతాయి. ముందు రోజే దిగి, తిని, పడుకుని, తెల్లవారి హాయిగా బయల్దేరండి. నిద్రమత్తులో ఉన్నవాడికి పులి ఎదురొచ్చినా ఒకటే, ఎడ్లబండి ఎదురొచ్చినా ఒకటే.

ఎండ సంగతి మాత్రం ఒక్క మాటతో వదలను. చంద్రపూర్ ఎండంటే మీ హైదరాబాద్ ఎండ కాదు. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి 43, 44 డిగ్రీలు మామూలు. మే నెలలో 48 దాకా పోయిన రోజులున్నాయి. మధ్యాహ్నం సఫారీ మొదలయ్యే వేళకి జిప్సీ రేకు మీద చెయ్యి పెట్టలేరు. తడిపిన తువ్వాలు మెడకి చుట్టుకోండి, ఆరిపోతే మళ్లీ తడపండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టే స్టీలు సీసా ఉండాలి, కూల్‌డ్రింకులు దాహం తీర్చవు. మీ మామయ్య డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గుమ్మానికి తడి గోనెసంచి వేలాడదీసి ఉంచేదాన్ని. అంత చేసినా ఆయన పడక్కుర్చీలో కూలబడి అరగంట దాకా మాట్లాడేవారు కాదు. ఆ ఊళ్లో వడదెబ్బ కొట్టినవాళ్లని కళ్లారా చూశాను. తల తిరుగుతోందని ఎవరైనా అంటే, "ఇంకాసేపట్లో పులి వస్తుందట, ఓర్చుకోరా" అనకండి. గైడ్‌కి చెప్పి వెనక్కి తిప్పేయండి.

కోర్‌లోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కెమెరా ఉంటే పర్వాలేదు. ఇది వినగానే మీలో ఎవడో ఒకడు ముఖం మాడ్చుకుంటాడు, నాకు తెలుసు. మాడ్చుకోనీ. ఫోన్లు ఉన్న రోజుల్లో ఒక బండివాడు ఇంకో బండివాడికి కబురు చేసేవాడు, ఐదు నిమిషాల్లో ఇరవై జిప్సీలు ఒక్క పులి చుట్టూ మూగేవి. ఇప్పుడు ఆ ఆత్రం కొంత తగ్గింది. ఇంకో మాట, గేటు కోసం మీలో మీరు కొట్టుకోకండి. మొహర్లీ గేటు దొరక్కపోతే ట్రిప్పే దండగని ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తారు. కోలారా ఉంది, నవేగావ్ ఉంది, ఖుట్వండా ఉంది. పులికి గేట్ల పేర్లు తెలియవు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి పులంటే భయం. నాకు పులంటే అంత భయం లేదు రా. మన జోలికి రాకుండా పోదామనే చూస్తుంది అది. నాకు ఒళ్లు జలదరించేది ఎలుగుబంటిని తలుచుకుంటే. అడవి అంచు ఊళ్లలో ఎవరినైనా అడుగు, పులి కంటే ఎలుగుకే ఎక్కువ జడుస్తామంటారు. దానికి చూపు ఆనదు, చెవులూ అంతంతమాత్రం. వాసన మాత్రం అమోఘంగా పసిగడుతుంది. గాలి ఎదురుగా వీస్తుంటే మనం పదడుగుల దూరానికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి అదీ బెదిరిపోతుంది. బెదిరిన ఎలుగు పారిపోవాలో మీద పడాలో తేల్చుకోలేక మీద పడుతుంది, పడితే నేరుగా ముఖం మీదే. ఏప్రిల్ అంటే ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారేసరికి చెట్టు కింద నేలంతా పసుపచ్చగా పరిచినట్టుంటుంది, మత్తుగా తియ్యటి వాసన. ఆ పువ్వంటే ఎలుగులు పడిచస్తాయి. శీతాకాలంలో ఈనిన పిల్లలు ఆ వేళకి తల్లి వీపు మీద జుట్టు పట్టుకుని వేలాడుతూ బయటికి వస్తుంటాయి. పిల్లలున్న ఎలుగంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, మీ నాన్న ఈ ముచ్చట నీకు చెప్పి ఉండడు. చెప్పడు కూడా. నేను చెప్పానని తెలిస్తే నాతో వారం రోజులు మాట్లాడడు. అయినా చెప్తాను.

మీ నాన్నకి అప్పుడు దాదాపు నీ వయసే. పెళ్లి కాలేదు. నలుగురు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు, తాడోబా చూడాలని. అప్పట్లో ఇప్పటంత కట్టుదిట్టం లేదు. చంద్రపూర్‌లో జీపు మాట్లాడుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు. వీళ్లకి దొరికిన డ్రైవర్ మొహర్లీ పక్క పల్లెటూరివాడు, గోండు, యాభై దాటిన మనిషి. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఏ జంతువు ఎటుందో వేలెత్తి చూపించేవాడంతే. తెల్లారి ఐదింటికి అందరికీ టీ పెట్టిచ్చి పంపించాను. ఒకటే ఇకఇకలు పకపకలు, వీధి వీధంతా లేపేశారు.

అడవిలో రెండు గంటలు తిరిగారట. దుప్పులు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి, పులి లేదు. వీళ్లకి విసుగొచ్చింది. విసుగొచ్చిన ఐదుగురు కుర్రాళ్లు ఏం చేస్తారు? పందేలు కాస్తారు. దారికి ముప్ఫై అడుగుల అవతల పెద్ద ఇప్పచెట్టు ఉంది. "దమ్ముంటే దిగి ఆ చెట్టు ముట్టుకుని రా" అన్నాడు ఒకడు. ఆ మాట అన్నవాడు ఎవరో నాకు తెలుసు, ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తాడు, పేరెందుకులే. మీ నాన్న దిగడానికి ఇష్టపడలేదట. మిగతా ముగ్గురూ ఈలలేశారు. డ్రైవర్ మాత్రం "ఉతరూ నకా, ఉతరూ నకా" అని రెండుసార్లు అన్నాడు. దిగొద్దని. నలుగురు నవ్వుతున్న చోట ఒక్క మనిషి మాట ఎవరికి వినిపిస్తుంది?

దిగాడు. చెట్టు దాకా వెళ్లాడు కూడా. చెట్టు వెనక చెదల పుట్ట ఉంది. దాని అవతల్నుంచి ఏదో చప్పుడు. స్ట్రాతో గ్లాసు అడుగున మిగిలిన కూల్‌డ్రింకు గట్టిగా పీల్చినట్టు ఉందట. ఎలుగు చెదల్ని తినేది అలాగే. పుట్ట తవ్వి, మూతి లోపల పెట్టి, ముక్కు రంధ్రాలు మూసుకుని ఒక్క ఊపున పీలుస్తుంది. పై వరస ముందుపళ్లు రెండు ఉండవు దానికి, ఆ సందులోంచి లాగుతుంది. నిశ్శబ్దంగా ఉంటే వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. మీ నాన్నకి అదేం చప్పుడో తెలియక, తెలుసుకుందామని ఇంకో అడుగు ముందుకేశాడు. చెట్టు ముట్టుకోవడానికి దిగినవాడు పుట్ట చుట్టూ తిరిగి చూడబోయాడు చూడు, అదీ మన వంశం తెలివి.

లేచి నిలబడిందట. వీపు మీద పిల్ల. ఛాతీ మీద తెల్లటి గీత తనకి సరిగ్గా కళ్లెదురుగా కనిపించిందని, అది తప్ప ఇంకేం గుర్తు లేదని మీ నాన్న ఆ రాత్రి నాతో అన్నాడు. పరిగెత్తాడు. ఒక చెప్పు ఊడిపోయింది, కాలు మడతపడి బోర్లా పడ్డాడు. జీపులో వాళ్లకి నోట మాట లేదు. డ్రైవర్ ఒక్కడే బండిని దారి మీంచి పొదల్లోకి తిప్పి, హారన్ మోగిస్తూ, తలుపు మీద చేత్తో దబదబా బాదుతూ నేరుగా వాళ్లిద్దరి మధ్యకి తెచ్చేశాడు. ఎలుగు రెండు దూకులు దూకి, ఆగి, పక్కకి మళ్లి పొదల్లోకి పోయింది. మొత్తం నిమిషం కూడా పట్టలేదట.

ఇంటికొచ్చాక మీ నాన్న అన్నం ముట్టలేదు. వాచిన కాలికి పసుపు, సున్నం పట్టేశాను. ఫ్రెండ్స్ మాత్రం సాయంత్రానికల్లా తేరుకుని దాన్ని కథ చేసి చెప్పుకోవడం మొదలుపెట్టారు. మర్నాడు ఆ నలుగురూ రైలెక్కి వెళ్లిపోయారు.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నావేమో. నాలుగు రోజుల తర్వాత ఆ డ్రైవర్ సైకిల్ మీద మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కాగితంలో చుట్టిన ఒక చెప్పు చేతిలో పెట్టాడు. "మీ తమ్ముడిది కదా తాయీ" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి మంచినీళ్లు తాగాడు. బండి ఏదని అడిగితే, జీపుని దారి తప్పించి అడవిలోకి దింపినందుకు తనని లోపలికి రానివ్వడం లేదని, ఆ సీజన్‌కి ఇక పని లేనట్టేనని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. రైలు లేటని చెప్పినంత మామూలుగా చెప్పాడు. దారి తప్పించింది మా తమ్ముడి ప్రాణం కాపాడడానికని నేనంటే, "రూల్ రూలే కదా" అన్నాడు. మామయ్య డబ్బులిస్తే ఎంతో బలవంతం చేశాక సగం తీసుకున్నాడు. పందెం కాసినవాడికి ఏమీ కాలేదు, దిగినవాడికి కాలు బెణికింది, వద్దన్నవాడి కూడు పోయింది. ఆ చెప్పు చూసి మీ నాన్న ఏడ్చాడు. ఆ తర్వాత తాడోబా పేరెత్తలేదు. నువ్వు వెళ్తానంటే ఎందుకు ముడుచుకుపోయాడో ఇప్పుడు అర్థమైందా? నీ మీద కోపం కాదు అది.

అందుకే నీకు నేను చెప్పేది జంతువుల గురించి కాదు, నీ ఫ్రెండ్స్ గురించి. ఒంటరిగా ఉంటే నువ్వు ఏ పిచ్చి పనీ చేయవు, నాకు నమ్మకం ఉంది. ఆరుగురు కుర్రాళ్లు ఒక బండెక్కితే ఎవడి బుర్రా వాడి దగ్గర ఉండదు. దిగుదామని, కేకేద్దామని, బిస్కెట్ విసురుదామని ఎవడో ఒకడు అంటాడు. ఆ క్షణంలో "నోర్ముయ్ రా" అనగలిగినవాడు ఒకడు కావాలి. అది నువ్వే. బోరు అంటారు, ముసలాడివంటారు. అననీ. ఒకవేళ చేతిలోంచి టోపీయో లెన్స్ మూతో కింద పడితే గైడ్‌కి చెప్పండి, ఏం చేయాలో ఆయన చూసుకుంటాడు. ఆయన వదిలేయమంటే వదిలేయండి. ఎంత ఖరీదైనా సరే.

నేను ఊరికే బెదిరిస్తున్నాననుకోకు. 2021 నవంబరులో ఇదే తాడోబా కోర్‌లో, పులుల లెక్కింపు సర్వే కోసం కాలినడకన తిరుగుతున్న మహిళా ఫారెస్ట్ గార్డుని ఆడపులి చంపేసింది. అడవి తెలిసిన మనిషి, డ్యూటీలో ఉన్న మనిషి. చంద్రపూర్ జిల్లాలో పులి దెబ్బకి పోయేవాళ్లలో ఎక్కువమంది ఇప్పపువ్వు ఏరుకోవడానికి, తునికాకు కోయడానికి, పశువులు మేపడానికి వెళ్లినవాళ్లు. వంగి పనిచేస్తున్న మనిషి పులి కంటికి మనిషిలా ఆనడు. వాళ్లు పొట్ట కోసం దిగక తప్పక దిగుతున్నారు. మీరు సరదాకి దిగితే వాళ్ల ముఖం ఎలా చూస్తారు?

డబ్బుల సంగతి. "పులిని చూపిస్తే ఎక్స్‌ట్రా ఇస్తాం" అని డ్రైవర్‌తో ఎవడూ అనకూడదు. మీకు అది చిన్న మాటే. అతనికి అది ఆ పూట సంపాదన. ఆ ఆశతోనే బండ్లు రేసులు పెట్టుకుంటాయి, పులి దారికి అడ్డం పడతాయి. 2024 డిసెంబరు 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో జిప్సీలు అటూ ఇటూ మూగి, పిల్లలతో వెళ్తున్న ఆడపులికి దారి లేకుండా చేశాయి. వీడియోలు బయటికొచ్చి గొడవైంది, బాంబే హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. సస్పెండైంది డ్రైవర్లూ గైడ్లూ. మా గుమ్మంలో నిలబడి నీళ్లు తాగిన మనిషి నాకు మళ్లీ కళ్ల ముందుకొచ్చాడు. కాబట్టి ఎంత ఇవ్వాలో ముందే అనుకుని, పులి కనిపించినా కనిపించకపోయినా అంతే ఇవ్వండి. డ్రైవర్‌కీ గైడ్‌కీ ఇద్దరికీ. పేర్లు అడిగి, పేరు పెట్టి, మీరు అని పిలవండి. వాళ్లు మీకు కూలికి వచ్చిన మనుషులు కాదు, మీరే వాళ్ల ఊరికి వెళ్తున్నారు.

సరే, తిట్లు చాలు. ఏం చూడాలో చెప్తాను.

అడవిలో ముందు కళ్లు కాదు, చెవులు పనిచేయాలి. అప్పుడప్పుడు బండి ఇంజిన్ ఆపమని గైడ్‌ని అడగండి. కొండముచ్చు చెట్టు కొసన కూర్చుని కాపలా కాస్తుంది, పులినో చిరుతనో చూస్తే ఖక్‌ఖక్‌మని దగ్గుతుంది. కింద దుప్పుల మంద ఉంటుంది. పైన కొండముచ్చులు తిని పడేసే ఆకులూ కాయలూ వీటికి మేత, కింద వీటి ముక్కులు వాటికి రక్షణ. దుప్పి కూతని నేను పెద్దగా నమ్మను, ఆకు కదిలినా బెదిరిపోయే రకం. సాంబార్ జింక ఢాంక్‌మని ఒక్క కూత కూసిందా, అప్పుడు గుండె చిక్కబట్టుకో. కూసి తోక నిటారుగా లేపి ఒకే వైపు చూస్తూ కాలు నేలకేసి కొడుతుంటే, అది చూస్తున్న వైపే మీరూ చూడండి. దాని ముక్కు అబద్ధం చెప్పదు.

ఎండాకాలంలో పులి నీళ్ల దగ్గరే ఉంటుంది. నీళ్లలో దిగేటప్పుడు చూడు, చాలా పులులు వెనక్కి తిరిగి, వెనక కాళ్లు ముందు ముంచి, మెల్లిగా వెనక్కి జరుగుతూ కూర్చుంటాయి. ముఖం మీద నీళ్లు పడితే దానికి నచ్చదు. అంత పెద్ద జంతువు అంత ముద్దుగా దిగుతుంటే నవ్వొస్తుంది, పైకి మాత్రం నవ్వకండి. అటు తిరిగి ఉంటే చెవుల వెనక తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. గైడ్ ఫలానా నంబరు పులి అని చెప్తాడు. ఎలా గుర్తుపట్టావని అడుగు, చారలు చూపిస్తాడు. ఏ రెండు పులులకీ చారలు ఒకలా ఉండవు, ఒకే పులికి ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఉంటాయి. చెట్లకి కట్టిన కెమెరాలతో ఆ చారలు ఫొటోలు తీసే ఇప్పుడు లెక్క కడుతున్నారు. 2006 లెక్కలో దేశం మొత్తానికి 1,411 పులులని అంచనా వేసినప్పుడు మీ మామయ్య పేపర్ మడిచి, "నానీ పెద్దవాడయ్యేసరికి బొమ్మల్లోనే చూస్తాడు" అన్నారు. 2022 లెక్కలో సగటు అంచనా 3,682. ఆయన ఆ మాట పొరపాటని ఒప్పుకోవడానికి లేకుండా వెళ్లిపోయారు.

పులి కనిపించకపోతే ట్రిప్ పోయిందని ముఖాలు వేలాడేసుకోకండి. నన్నడిగితే తాడోబాలో చూడాల్సింది రేచుకుక్కల గుంపు. ఎర్రగా, నల్లటి కుచ్చుతోకలతో, ఈల వేసినట్టు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. వేటాడాక పిల్లల్ని ముందు తిననిస్తాయి, పెద్దవి కాపలా నిలబడతాయి. మనుషుల్లో అందరికీ లేదు ఆ బుద్ధి. అడవిదున్న ఎదురైతే దాని కాళ్లు చూడు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. జామ్ని ఊరు ఖాళీ చేయించిన చోట ఇప్పుడు గడ్డి మైదానం, అక్కడ దుప్పుల మందలు మేస్తుంటాయి. చూడ్డానికి కన్నులపండుగే. అయితే ఆ గడ్డి కింద ఒకప్పుడు పొయ్యిలు వెలిగిన ఇళ్లున్నాయని కూడా గుర్తుపెట్టుకో. తెల్లటి మానుతో నిలబడిన తపసి చెట్టునీ, మొసలి వీపులా పలకలు దేరిన బెరడున్న నల్లమద్దినీ గైడ్‌ని అడిగి చూడు. ఎవరూ అడగరు, అడిగితే వాళ్ల ముఖం వెలిగిపోతుంది. చెరువు గట్టున పెద్ద చెట్టు కింద తారు దేవుడి గుడి ఉంది. పులితో తలపడి ప్రాణం పోగొట్టుకున్న ఊరి పెద్దని గోండులు దేవుడిగా కొలుస్తారు. పుష్యమాసంలో అక్కడ జాతర జరుగుతుంది. అటు వెళ్తే బండిలోంచే దణ్ణం పెట్టుకో.

బండిలోంచే అన్నాను, గుర్తుందిగా.

మీ నాన్నతో ఈ సంగతి నువ్వు ఎత్తకు. వచ్చాక మాత్రం ఫొటోలు ముందు ఆయనకే చూపించు, ఎలుగుబంటి ఫొటో ఉంటే మధ్యలో పెట్టి. ఏమంటాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

మామయ్య బైనాక్యులర్స్ నీకు పంపిస్తున్నాను. ఎడమ వైపు చక్రం బిగుసుకుపోయింది, బలవంతంగా తిప్పకు. కుడి వైపుది తిప్పితే చాలు. చెరువు దగ్గర ఎండిన చెట్ల కొమ్మల మీద చేపగద్ద కూర్చుంటుంది, ముందు దాని మీద పెట్టి చూసి అలవాటు చేసుకో. కదలకుండా చాలాసేపు కూర్చునే పక్షి, నీకు ఓపిక నేర్పుతుంది. కళ్లద్దాలవాడు ఎవడైనా మీలో ఉంటే రబ్బరు మూతలు వెనక్కి మడిచి చూడమను. పెట్టెలో ఉన్న మెత్తటి గుడ్డతోనే తుడవాలి, చొక్కా అంచుతో కాదు. తిరిగిచ్చేటప్పుడు కొరియర్ చేస్తే తీసుకోను, నువ్వే తెచ్చివ్వాలి. వచ్చేటప్పుడు ఆ "దిగుదాం రా" అనే ఫ్రెండ్ ఎవడో వాడినీ వెంటబెట్టుకుని రా, భోజనం పెట్టి మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య